చర్చి గుమ్మంలో అన్న మాట

కోడలు సంచిలో పసిదాని పొత్తిగుడ్డలు సర్దుతుంటే, బాపట్లలో అత్తగారు ఆ సంచి పట్టుకుని ఆపింది.

"ఆగమ్మా! వాడేదో నోరు జారాడు."

"చర్చి గుమ్మంలో అందరి ముందూ 'మా ఆవిడ ఆడపిల్లని ఈనిందండి' అన్నాడు మీ అబ్బాయి. నేనేమన్నా గేదెనా అత్తయ్యా?"

"మీ మామయ్యా నన్నట్లాగే అనేవారు. నేను కాపరం చెయ్యలేదా?"

"మీరు పడ్డారు, నేను పడను. అయినా మన గేదె పెయ్యదూడని ఈనితే వీధంతా జున్ను పంచాడుగా! నా కూతురికి చిటికెడు పంచదారైనా పంచాడా?"

"మళ్ళీ ఎప్పుడొస్తావే?"

"అదే గుమ్మంలో నిలబడి 'నా భార్య కూతుర్ని కన్నది' అని చెప్పమనండి. ఆ రోజే వస్తా."

"వాడు చెప్పడే తల్లీ!"

"అయితే నేనూ రాను."

అతను చెప్పలేదు. తొంభై ఒకటి జనవరిలో రేపల్లె బస్సెక్కిన కోడలు, మనవరాలు ఆ ఇంటికి మళ్ళీ రాలేదు.