‘తడి చేతులు’కే ఓటు

“ఈ ఏడాది నేను విన్నవి యాభై ఆల్బమ్‌లు. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు కాబట్టి యాభై దగ్గర ఆపాను” అంది మడతలక్క, టీ గ్లాసు గట్టు మీద పెట్టి.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ మాది. వెనక వరండాలో టీ విరామం పావుగంట. ఆ రోజు ఓట్ల రోజు. లాండ్రీ మొత్తానికి స్పీకరు ఒక్కటే, ఆరబెట్టే యంత్రం మీద తాడుతో కట్టి ఉంటుంది. అందులో ఏం మోగాలన్నది ఏడాది చివర చీటీలు వేసి తేలుస్తాం. గెలిచిన ఆల్బమ్‌ని కొత్త సంవత్సరం మొదటి పనిరోజున ఒకటో పాట నుంచి ఆఖరి పాట దాకా వేయాలి. మధ్యలో ఎవరూ కట్టేయకూడదు. ఆరేళ్ళుగా రోలర్ మాస్టారు చెప్పిందే గెలుస్తోంది. ఇస్త్రీ రోలరు ఆయన చేతిలో ఉంటుంది, స్పీకరు స్విచ్చి ఆయన తల పక్కన ఉంటుంది, కాబట్టి అభిరుచి కూడా ఆయనకే ఉంటుందని మేమంతా ఎలాగో ఒప్పేసుకున్నాం.

మడతలక్క ఈసారి ఒప్పుకోదలచుకోలేదు. బల్ల దగ్గర దుప్పటికి ఆమె ఒక కొస పట్టుకుంటే నేను రెండో కొస పట్టుకుంటాను. ఆ పట్టుదల వారం రోజులుగా నా చేతులకి తెలుస్తూనే ఉంది. ఆమె దుప్పటి విదిలిస్తే నేను రెండడుగులు ముందుకొచ్చి పడుతున్నాను.

ఓట్లు ఐదు. మాస్టారూ, వ్యాను డ్రైవరూ అటు. మేమిద్దరం ఇటు. చిరుగులు కుట్టే సూది పిన్ని ఎటన్నది ఆమెకే తెలియదు. చీటీ మోకాలి మీద పెట్టుకుని, పెన్ను మూత కొరుకుతూ కూర్చుంది.

“యాభై! ఎప్పుడు విన్నావక్కా?” అన్నాడు డ్రైవరు.

“బస్సులో. నువ్వు వ్యాను తోలుతూ తిట్లు వింటావు, నేను బస్సులో పాటలు వింటాను. సరే, వరస చెప్తాను వినండి. ఐదో స్థానం ‘లిఫ్టు పనిచేయదు’. నలుగురు కుర్రాళ్ళు, గిటార్లు వాయిస్తుంటే అటక మీంచి గిన్నెలు జారినట్టుంటుంది, కానీ మోసం లేదు, నిజంగా గిన్నెలే జారతాయి. మూడో పాటలో డ్రమ్ములబ్బాయి వెంట్రుకవాసి వెనకబడ్డాడు. నేను ఉత్తరం రాశాను, బాబూ, నువ్వు వెనకబడ్డావు, రాత్రిళ్ళు నిద్ర సరిపోవడం లేదా అని. పాపం వాళ్ళు మళ్ళీ రికార్డు చేసుకున్నారు.”

“నీ ఉత్తరం చూసి?” అన్నారు మాస్టారు.

“మరి మీ ఉత్తరం చూసా? నాలుగో స్థానం ‘పంచదార యుద్ధం’. తియ్యటి గొంతు, కాదనను. పదకొండు పాటలు, పదకొండింట్లోనూ ఆ పిల్ల నన్ను వదిలిపెట్టి వెళ్ళకు, వెళ్ళకు అని ఏడుస్తుంది. తల్లీ, వెళ్ళనీ! తలుపు దగ్గరికి వేసుకుని కాళ్ళు చాపుకుని పడుకో! అయినా ఆ వయొలిన్లు బాగున్నాయి కాబట్టి నాలుగిచ్చాను. మూడూ రెండూ తర్వాత చెప్తాను, వాటికి తొందర లేదు.”

“మరి ‘నేనే తుఫాను’?” అన్నారు మాస్టారు. అది ఆయన నిలబెట్టిన ఆల్బమ్. జుట్టు విరబోసుకున్న ఒక గిటారు వీరుడు తన గురించి తానే పద్నాలుగు పాటలు పాడుకున్నాడు.

“దానికీ స్థానం ఇచ్చాను మాస్టారూ. నలభై తొమ్మిది.”

“యాభయ్యోది ఏంటక్కా?”

“మా ఆయన గురక. అందులోనూ ఒక్కడే ఉంటాడు, తనే వాయిస్తాడు, తనే పాడతాడు, పక్కవాళ్ళ సంగతి పట్టదు. కాకపోతే మీ వీరుడు మధ్యలో ఊపిరి పీల్చుకుంటాడు, అందుకే ఒక మెట్టు పైన పెట్టాను.”

పిన్ని పెన్ను మూత నోట్లోంచి తీసి నవ్వింది. మడతలక్క అది చూసింది. చూసి, గట్టు మీంచి కాస్త ముందుకు జరిగింది.

“ఇక మొదటి స్థానం. ‘తడి చేతులు’. ముగ్గురాడవాళ్ళు. డ్రమ్ములు కొట్టేది యాభై దాటిన మనిషి, మోచేతులు చూస్తే పిండి రుబ్బినట్టు కొడుతుంది. పాడే ఆవిడది బొంగురు గొంతు, ఎవరినీ బతిమాలదు. మొదటిసారి బస్సులో పెట్టుకున్నాను. చెవుల్లో పెట్టుకున్నా సరే, శబ్దం ఆగితేగా! ఒకటో పాట అయ్యేసరికి బస్సు డ్రైవరు అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. రెండో పాటకి వైపర్లు వాటంతటవే కదలడం మొదలెట్టాయి, వాన లేదు, చుక్క లేదు, తాళానికి అటూ ఇటూ, అటూ ఇటూ. మూడో పాట అందుకుందో లేదో దారిలో ఉన్న ఎర్ర లైట్లన్నీ పచ్చగా మారిపోయాయి. ఒక పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టబోయి, ఆ చెయ్యి అలాగే పైకెత్తి ఊపాడు. నేను ఈ లాండ్రీలో అడుగుపెట్టేసరికి గంట ముందుంది టైము.”

“గంట ముందొస్తే గేటు తాళం ఎవరు తీశారమ్మా?” అన్నారు మాస్టారు.

“గేటుకే తెలుసు మాస్టారూ. ఆ తర్వాత జరిగింది వింటే తాళం సంగతి మీరే వదిలేస్తారు. ఆ రోజు ఆపరేషన్ గదుల బట్టలు మూడు బళ్ళు వచ్చాయి. అయోడిన్ మరకలు, నెత్తురు మరకలు. రెండుసార్లు వేడినీళ్ళలో వేసినా పోని రకం. నేను యంత్రం తలుపు మూసి, ఊరికే, గొంతులో గొంతులో, నాలుగో పాట అందుకున్నాను. లోపల తిరుగుతున్న యంత్రం ఆగింది. ఆగి, తాళం సరిచూసుకుని, మళ్ళీ తిరిగింది. మరకలు ఒక్కొక్కటీ బట్ట వదిలి నీళ్ళలోకి దిగి, మేం వెళ్ళొస్తామన్నట్టు కాలవ దారి పట్టాయి. తలుపు తీస్తే దుప్పట్లు తడిగా లేవు! ఆరిపోయి, ఇస్త్రీ అయిపోయి, నాలుగు మడతలూ వాటంతటవే పడి వరసగా బయటికొచ్చాయి. రెండో కొస పట్టుకోవడానికి ఈ చెల్లి కూడా లేదు, ఆ రోజు సెలవు. కావాలంటే అడగండి.”

అందరూ నా వైపు చూశారు. ఆ రోజు నేను సెలవులో ఉన్న మాట నిజం. అంతవరకే చెప్పాను.

“విన్నారుగా! సాక్ష్యం కూడా ఉంది. ఇక ఆ దుప్పట్లు వార్డుల్లోకి వెళ్ళాయా, కాలికి కట్టుతో పడుకున్నాయన లేచి కూర్చున్నాడు. మధ్యాహ్నానికి వరండాలో నడిచాడు. సాయంత్రానికి నర్సమ్మతో పందెం వేసి మెట్లెక్కాడు. రెండో రోజుకి ఆ అంతస్తు ఖాళీ, నాలుగో రోజుకి ఆసుపత్రి ఖాళీ. పెద్ద డాక్టరు ఖాళీ మంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, ఏం సబ్బు వాడుతున్నారని ఫోను చేశాడు.”

“ఆసుపత్రి ఖాళీ అయితే మనకి బట్టలెక్కణ్ణుంచి వచ్చాయక్కా? నేను రోజూ రెండు ట్రిప్పులు వేశానే!” అన్నాడు డ్రైవరు.

“అందుకేగా పాడడం మానేశాను! మీ నలుగురి ఉద్యోగాలూ పోతాయని నోరు కట్టేసుకున్నాను. ఒక్కళ్ళన్నా థ్యాంక్స్ చెప్పారా? మగవాడు ఒక్క ట్యూబులైటు మార్చితే వారం చెప్పుకుంటాడు, నేను ఆసుపత్రిని నయం చేసి నెలల తరబడి నోరెత్తలేదు.”

“ఇప్పుడెత్తావుగా” అన్నారు మాస్టారు.

“ఓట్ల రోజు కాబట్టి! ఇంకా అసలుది చెప్పనేలేదు. ఈ సంగతంతా ఎలా తెలిసిందో, ఒక సాయంత్రం నేను గిన్నెలు తోముతుంటే ఫోను. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఎవరండీ అంటే, ఆ బొంగురు గొంతు! వెనకాల హోరు. ఏంటమ్మా ఆ గోలంటే, మైదానంలో ఉన్నాం అక్కా, నలభై వేల మంది, పాట మధ్యలో ఆపి నీకు చేస్తున్నాం అంది. ఎందుకమ్మా? ‘అక్కా, మాలో మాకు గొడవగా ఉంది. ఆల్బమ్‌లో ఆఖరి పాట అలాగే ఉంచాలా, మార్చాలా? నువ్వు మార్చమంటే ఈ రాత్రికి రాత్రే లోకంలో ఉన్న ఫోన్లన్నిట్లోనూ మార్చేస్తాం.’ నలభై వేల మంది ఊపిరి బిగబట్టారు, నాకు ఇక్కడికి వినిపిస్తోంది ఆ నిశ్శబ్దం. నేను ఒక గిన్నె కడిగాను. ఇంకో గిన్నె కడిగాను. అప్పుడన్నాను, ఒక్క స్వరం కదిపినా ఊరుకోను, ఆ పాట అలాగే ఉండాలి అని! నలభై వేల మందీ చప్పట్లు కొడితే మా వంటగది కిటికీ అద్దం పగిలింది.”

డ్రైవరు అప్పటికే మడిచిన తన చీటీని మళ్ళీ విప్పాడు.

సూది పిన్ని నిజంగానే కుతూహలపడింది. “అంత బావుందా అమ్మాయ్? ఎలా ఉంటుంది, ఆ ఆఖరి పాట?”

మడతలక్క నోరు తెరిచింది.

“ఎలా ఉంటుందంటే...” అంది. గ్లాసు చేతిలోకి తీసుకుంది. గ్లాసులో టీ లేదు. “బాగానే ఉంటుంది పిన్నీ. ఆఖరి పాటంటే ఎలా ఉండాలో అలాగే ఉంటుంది.”

“గట్టిగా ఉంటుందా, మెల్లగానా?”

ఆసుపత్రిని నయం చేసిన మనిషి దగ్గర ఆ ప్రశ్నకి ఒక్క అబద్ధమైనా లేకపోయింది.

“నువ్వు వినలేదు” అంది పిన్ని.

“ఆరు పాటలు విన్నాను.”

“పాటలెన్ని?”

“తొమ్మిది. మొత్తం నలభై ఒక్క నిమిషాలు.” గ్లాసులోకి చూస్తూ చెప్పింది మడతలక్క. “ఆరో పాట అయ్యేసరికి మన స్టాపు వచ్చేస్తుంది.”

“మర్నాడు ఏడో పాట నుంచి పెట్టుకోవచ్చుగా అక్కా?” అన్నాడు డ్రైవరు.

“దుప్పటి మధ్యలోంచి మడుస్తామా తమ్ముడూ? వాళ్ళు ఆరు పాటలు మెట్టు మెట్టుగా ఎక్కించి ఏడోదానికి తీసుకెళ్తున్నారు. నేను గోడదూకి వెళ్ళను.”

“తిరిగి వెళ్ళేటప్పుడు?”

“అప్పుడు ఫోను నాది కాదు. ఒకటో పాటలో మా ఆయన, గ్యాసు అయిపోయిందంటాడు. రెండో పాటలో అత్తగారు, మందులంటుంది. మూడో పాటలో పెద్దది, అమ్మా నా బూట్లు అంటుంది. నేను పెట్టుకోవడం మానేశాను.”

“పోనీ ఆదివారం వినొచ్చుగా?”

ఆదివారం అన్న మాటకి పిన్నీ, మడతలక్కా, నేనూ ముగ్గురం ఒకేసారి నవ్వాం. డ్రైవరుకి ఎందుకో అర్థం కాలేదు.

“అయితే యాభై ఆల్బమ్‌లు?” అన్నారు మాస్టారు.

“అన్నిట్లోనూ ఆరేసి పాటలు” అంది మడతలక్క. “మీ తుఫాను మాత్రం రెండు. అంతకన్నా భరించలేకపోయాను.”

మాస్టారు గలగలా నవ్వారు. ఆరేళ్ళు గెలిచినవాళ్ళు అలాగే నవ్వుతారు. “బావుందమ్మా! ఆఖరు దాకా విననిదానికి మమ్మల్ని ఓటు అడుగుతున్నావా?”

మడతలక్క గ్లాసు బోర్లించింది. సిగ్గుపడుతుందనుకున్నాను. తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది.

“విన్నదానికైతే మీ ఓట్లెందుకు మాస్టారూ? మీరు మీ తుఫానుని రోజూ ఇంట్లో కుర్చీలో కూర్చుని పద్నాలుగు పాటలూ వింటారు, మధ్యలో టీ వస్తుంది. ఇక్కడ ఇంకోసారి వినకపోతే మీకేం పోతుంది? నాకు మధ్యలో ఎవరూ కట్టేయకూడదన్న రూలు ఉన్న చోటు ఈ లోకంలో ఇదొక్కటే. పని చేస్తూనే వింటాను, ఒక్క దుప్పటి తగ్గదు. కోతలు కోశాను, సరే. ఆ గిన్నెలు తోమిన మాట మాత్రం నిజం. చీటీలు వేయండి.”

గంట మోగింది. చీటీలు వేసే దిండు గలీబు చేతులు మారింది. మాస్టారు వేశారు. డ్రైవరు ఆయన మొహం చూడకుండా వేశాడు. నేనూ మడతలక్కా వేశాం. పిన్ని తన చీటీ మీద అప్పటికే రాసుకున్నదేదో అడ్డంగా కొట్టేసి, కింద మళ్ళీ రాసి, గలీబులో పడేసి లేచింది.

“ఇంతసేపూ దీని అబద్ధాలన్నీ ఆపకుండా విన్నాం” అంది మాస్టారితో. “ఆ మూడు పాటలు వినలేమా?”