ఇనుము తాకిన కంబలి

కామాటిపురలో తెలుగువాళ్ల చాల్, మూడో అంతస్తు వసారా. పొయ్యి మీద దానిమ్మ తొక్కల నీళ్లు కాగుతున్నాయి. పాత కంబళ్లకు రంగు వేసి అమ్మే లక్ష్మవ్వ గుండిగ ముందు నుంచి లేవలేదు. మరిది సైదులు చంకలో కంబలితో నిలబడే ఉన్నాడు.

"వాపస్ తీసుకోనని చెప్పిన గద సైదులు. ఒక్కసారి నా గడప దాటిన కంబలి మళ్ల లోపలికి రాదు."

"విప్పి చూడకుండనే అంటవేంది వదినె?"

"చూసుడెందుకు? మెచ్చుకోనీకి వచ్చెటోడు కప్పుకొని వస్తడు. చంకల పెట్టుకొని వచ్చెటోడు కొట్లాటకే వస్తడు."

"కొట్లాట లేదు. రంగు పోయింది."

"నా రంగు పోదు."

"పోయిందంటె పోవుడు కాదు. నల్లబడ్డది. గీతలు గీతలు."

"అట్ల చెప్పు. పోవుడు వేరు, నల్లబడుడు వేరు. ఇన్నేండ్ల సంది బొంబైల ఉన్నవు, సరుకును ఏమని తిట్టాల్నో గూడ నేర్వకపోతివి. ఇంక వర్లిల బిల్డింగ్ పని గుంపుకు నువ్వు మేస్త్రివట."

"మేస్త్రినే."

"అదే. పని చేసెటోళ్ల మీద అరిచే పని. జర పక్కకు జరుగు, నీ చెప్పులు ఉల్లిపొట్టు మీద ఉన్నయి."

"చెత్త అనుకున్న."

"నీకు చెత్తనే. గ్రాంట్ రోడ్ కాడి జూసు బండోడు గూడ చెత్తనే అనుకుంటుండె. బకెట్ నిండ దానిమ్మ తొక్కలు ఎత్తుకపో, పుణ్యముంటది అంటుండె. నేను రోజూ వస్తున్నని చూసిండు, ఇప్పుడు నన్నే నిలబెడుతుండు. అవుతలోనికి అక్కర ఉన్నదని తెలిస్తె చాలు, తొక్కకు గూడ టెక్కు వస్తది."

"వదినె, నాకు ఒక కంబలి కావాలె. ఈ రాత్రికే. ఇది తీసుకొని ఇంకోటి ఇయ్యి."

"అంగడిల వంకాయలా, పుచ్చు ఎల్లిందని మార్చి ఇయ్యనీకి?"

"ఇంటోన్ని గద."

"ఇంటోడివైతె పెట్టింది తీసుకొని ఊకో. గిరాకివైతె గిరాకి లెక్క మాట్లాడు. రెండూ ఒక్క నోట్లకెల్లి రావద్దు."

"ఆ తీగ మీద ఆరుతున్నయి ఎవరికి?"

"అనికేత్ సేఠ్ దుకాణానికి. ఆయన గిరాకులు ఎట్లాంటోళ్లనుకున్నవు? ఏసీ పెట్టుకొని చలి పుట్టిచ్చుకుంటరు, ఆ చలికి కంబలి కప్పుకుంటరు. పండ్ల తొక్కల రంగు అని చెప్తె ముక్కు కాడ పెట్టుకొని ఆహా అంటరట. నాగ్‌పాడాల గోనెసంచిల కుక్కి అమ్మిన కంబళ్లు అవి. ఎవరు కప్పుకున్నరో, ఎవరు కప్పుకొని సచ్చిన్రో. నేను నానబెట్టి పిండినప్పుడు వచ్చే నీళ్లు చూస్తె ముక్కు కాడికి కాదు, మెట్ల కాడికి గూడ రారు."

"కింద చంద్రయ్య గూడ వాసన వాసన అని మొత్తుకుంటుండు."

"ఆయన ఇంట్ల బొంబిల్ చేపలు వేపితె అత్తరు వాసన వస్తదేమో. చాల్‌ల ఎవరి పొయ్యి వాళ్లకు కమ్మగుంటది. చంద్రయ్యను ఒకనాడు వచ్చి ఈ గుండిగ ముందర కూసోమను. ఊలు అన్నం ఉడికినట్టు ఉడికితె ముడుచుకొని చద్దరు కాస్త రుమాలు అయితది. మంట పెంచొద్దు, ఆరనియ్యొద్దు. కన్నబిడ్డను గూడ ఇంత కనిపెట్టుకొని కూసోలే నేను."

"సరే వదినె. దాంట్లకెల్లి ఒకటి—"

"చెయ్యి పెట్టకు. మీ ఇంటి మొగోళ్ల చేతులు నా కంబళ్ల మీద పడొద్దు. ఒకసారి పడ్డయి, చాలు."

"అన్నను ఇంక యాది చేస్తనే ఉంటవా?"

"యాది చేస్త కాదు. మర్చిపోనీకి చేతగాక. నేను కింద నల్లా కాడ లైన్ల నిలబడి బిందెలు మోసుకొని వచ్చేసరికి మీ అన్న ఈడ కూసోని ఉన్నడు. పని దిగి వచ్చి, చేతులు గూడ కడుక్కోకుంట, నాకు సాయం చేస్తున్నడట. కలిపే కట్టె చిన్నగున్నదని సైటు మీది తుప్పు పట్టిన ఇనుప సరియా ముక్క పెట్టి కలుపుతున్నడు. పటిక ఏసి, దినమంత కూసోని పసుపు కొమ్ము లెక్క తేల్చిన రంగు. ఎలుక తోలు లెక్క అయ్యింది. అన్ని కంబళ్లూ. ఒక్కటి మిగల్లే."

"తెలవక చేసిండు."

"దానిమ్మ నీళ్లు ఇనుము తాకితె నల్లబడతయని ఎన్నిసార్లు చెప్పిన? గోడకు చెప్తె గోడ గూడ ఊ కొట్టేది."

"సాయం చేద్దామనే గద వదినె."

"అందుకే ఎక్కువ మండింది. కావాలని చెడగొట్టినోన్ని నాలుగు తిట్టి లోపల కూసోబెట్టుకోవచ్చు. సాయం అని చెడగొట్టెటోడు మళ్ల రేపు గూడ సాయం చేస్తడు. చేతులకు తుప్పు ఉన్నన్ని దినాలు ఈ గడప ఎక్కకు అన్న. పోయిండు. పౌరుషం మాత్రం తుప్పు పట్టలే."

"అంత మాట అన్నంక పోకుంట ఏం చేస్తడు?"

"మంచిగనే ఉన్నడు గద. కోస్గిల మీ అక్క ఇంట్ల మేకలు కాస్తున్నడని నువ్వే చెప్తివి."

"ఆ. ఆడనే."

"మంచి పని దొరికింది. మేకల రంగు చెడగొట్టనీకి రాదు."

"మాట మర్లియ్యకు వదినె. కంబలి సంగతి చెప్పు."

"ఎవరికి? నీకైతె ఏం రోగం కనవడ్తలేదు."

"పని కాడ ఒకాయనకు జ్వరం. పైన గోడలు ఇంక లేవలే. సముద్రం గాలి, వాన జల్లు, రెండూ లోపలికే కొడుతున్నయి. ఇదే కప్పుకుంటుండె, తడిసి ముద్దయింది."

"నీకని తీసుకపోతివి గద. నడుం పట్టేసింది వదినె, ఎచ్చగ ఉండేది ఒకటి ఇయ్యి అని మూలిగితివి."

"నడుం తగ్గింది."

"కంబలి నల్లబడంగనే తగ్గినట్టున్నది. ఏదీ, విప్పు."

"ఇంకోటి ఇస్తనంటె విప్పుత."

"విప్పు సైదులు. బేరం నాతోటి వద్దు."

"గిదో. చూడు. ఈ కొస సంది ఆ కొస దాక."

"చూస్తున్న. ఇది మంచం గీత కాదు, మంచం పట్టీ వెడల్పు ఉంటది. ఇవి వేలు మందం, పక్కపక్కన, ఒక్క తీరుగ. సరియా కట్ట మీద పరిచిన్రు. పైన తడి కంబలి, కింద తుప్పు ఇనుము. నల్లబడక ఏమైతది? నా తప్పు ఏం లేదు. మడిచి తీసుకపో."

"కింద అంత నీళ్లే వదినె. ఆ కట్టలే జర ఎత్తున ఉన్నయి."

"చెక్క పలకలు లేవా?"

"స్లాబుకు ఎక్కిచ్చిన్రు."

"ఒక్క పలక అడిగి తెచ్చుకునే నోరు లేనోనికి జ్వరం గాక ఏమొస్తది? పొద్దంత ఇనుము కట్టుడు, రాత్రయితె దాని మీదనే పండుడు. ఎవడో గాని మంచి మొద్దు."

"సరే, ఇయ్యనంటె ఇయ్యవు. మడిచి పెట్టుకుంట."

"ఆగు. ఆ అంచు ఇటు తియ్యి."

"అంచుకు ఏం లేదు."

"ఏం లేకుంటె ఎందుకు ముడుస్తున్నవు? తియ్యి ఇటు."

"వదినె, పొయ్యి చూడు, ఉడుకు పడుతున్నట్టుంది."

"నా పొయ్యి నాకు తెలుసు. ఇవి గీతలు కావు."

"చెయ్యి పడ్డట్టుంది. కప్పుకునేటప్పుడు పట్టుకొని గుంజుకుంటరు గద."

"ఈడ గూడ పడ్డది. ఈడ గూడ. అన్నిట్ల నడిమి వేలు కురుచ."

"సైటు మీద వేళ్లు పోయినోళ్లు మస్తుమంది ఉన్నరు."

"కుడి చెయ్యి. నడిమి వేలుకు పై గెనుపు లేదు. కటింగ్ మిషన్ల అది తెగిన నాడు కొంగు చింపి కట్టినదాన్ని. నాకు చెప్తున్నవా నువ్వు?"

"వదినె, జర నా మాట—"

"కోస్గిల మేకలు కాస్తున్నడా?"

"లేదు."

"పోనే పోలేదా?"

"ఏ మొకం పెట్టుకొని పోతడు? పెండ్లాం గడప ఎక్కనియ్యలేదని అక్కకు చెప్తడా? ఆ దినం సంది నా గుంపులనే ఉన్నడు. చెప్పొద్దని ఒట్టు ఏపిచ్చుకున్నడు."

"మరి నడుం నొప్పి?"

"ఆయన చెప్పమన్నదే. బజార్ల కంబలి కొనిస్త అన్న. వద్దన్నడు. లక్ష్మి చేసింది తెచ్చి ఇయ్యి అన్నడు."

"అది గూడ చెడగొట్టనీకి."

"చెడగొట్టొద్దనే చూసిండు వదినె. రోజూ అది కప్పుకునే ముందు ఇటుక పొడి తోటి చేతులు రుద్దుకుంటుండె. తోలు లేచింది గని తుప్పు పోలే. నిన్న ఒళ్లు తెలవకుంట ఉన్నప్పుడు పట్టుకున్నడేమో, అంచు నిండ పడ్డయి."

"ఇటుక పొడితోటి తుప్పు పోతదని ఎవరు చెప్పిన్రు? చింతపండు నానేసి రుద్దాలె. ఇత్తడి బిందె తోమెటోళ్లను ఒక్కనాడన్న చూసిండా? చూడడు. డాక్టర్‌కు చూపిచ్చినవా?"

"చూపిచ్చిన. గోలీలు ఇచ్చిండు. పొడిగ, ఎచ్చగ ఉంచమన్నడు. అందుకే ఎక్కి వచ్చిన. ఒక్క కంబలి ఇయ్యి, పోత. నీకు తెలిసిందని గూడ ఆయనతోటి అనను."

"ఇయ్య."

"వదినె."

"ఇస్తె ఏం చేస్తడు? మళ్ల ఆ సరియాల మీదనే పరుస్తడు. నాలుగొద్దులు తిరగకముందే ఇట్లనే నల్లగ అయితది. మళ్ల నువ్వు చంకల పెట్టుకొని వస్తవు. తెలిసి తెలిసి సరుకును ఇనుము మీద ఏసే పిచ్చిదాన్ని కాదు నేను."

"ఉత్త చేతులతోటి పంపుతవా నన్ను? ఆయన ఆడ వణుకుతున్నడు."

"ఉత్త చేతులెందుకు? అల్మారి మీద డబ్బల చింతపండు ఉన్నది, పిడికెడు కట్టుకపో. కింద మంగేష్ టాక్సీ ఉంటది, లేపు."

"టాక్సీ ఎందుకు? ఒక్క కంబలి, నేనే పట్టుకొని పోత."

"కంబలి యాడికీ పోదు. ఆయన చేతులు నువ్వే కడిగి, ఆయన్నే ఈడికి తీసుకరా. మా ఇంట్ల ఉన్నది కట్టె మంచం."