గుమ్మంలో చూసిన మొహం

మిట్టమధ్యాహ్నం. వీధి చివర దర్జీ కొట్టు. రెండుసార్లు మెట్ల దాకా వచ్చి వెనక్కి మళ్ళిన ఆ అక్క, ఈసారి తమ్ముడి చొక్కా పట్టుకుని లోపలికి అడుగుపెట్టింది. మిషను ముందున్న ఆవిడ తలెత్తకుండానే చేయి చాచింది.

"ఏం చెయ్యాలమ్మా దీనికి?"

"నడుం దగ్గర లోపలికి పట్టాలండీ. మనిషి బాగా చిక్కిపోయాడు."

"చిక్కడం సరే, అసలు మనిషే పొట్టిలా ఉన్నాడే! పిల్లాడా?"

"కాదండీ. పెద్దాడే. మా తమ్ముడు."

"రేపు సాయంత్రం రా. పేరు చెప్పు."

"పేరా... మీకు తెలిసిన మనిషేనండీ. కోర్టులో మీరు వేలెత్తి చూపించారు."

"నడు. బయటికి నడు."

"ఒక్క మాట—"

"ఒక్క మాటా లేదు, అర మాటా లేదు. మా ఆయన్ని పొడిచినవాడి చొక్కా నా చేతే కుట్టిస్తావా? ఎన్ని గుండెలు నీకు!"

"మా అప్పీలు కొట్టేశారండీ. జీవిత ఖైదే ఖాయం చేశారు. పై కోర్టుకి పోవాలంటే కొత్తగా ఏదైనా చూపించమంటాడు వకీలు. ఏం చూపించను? నా దగ్గర ఇదే ఉంది."

"చొక్కా ఏం చెప్తుందే?"

"ఇప్పుడు మీరే అన్నారుగా, పొట్టి అని. ఆ వేళ వచ్చినవాడు తల వంచి లోపలికి దూరాడని కోర్టులో చెప్పిందీ మీరే. ఈ గుమ్మమే కదండీ?"

"కరెంటు పోయింది. నేను బల్ల కింద నక్కాను. కిందనుంచి చూస్తే ఎవరైనా పొడుగే."

"మరి తల వంచడం?"

"బోనులో పొడుగ్గానే ఉన్నాడు!"

"బోనుకి మెట్టుందండీ."

"మొహం చూశాను. చూశానంటే చూశాను. కళ్ళు మూస్తే ఇప్పటికీ అదే. బిత్తర చూపులు చూస్తూ, పచ్చగోడకి ఆనుకుని..."

"ఏ గోడండీ?"

"పచ్చగోడే. వాడి వెనక."

"ఇక్కడ పచ్చగోడ లేదే."

"ఫోటోలో ఉంది. స్టేషన్లో చూపించారు."

"గుర్తుపట్టమని వరసలో నిలబెట్టక ముందా?"

"ముందే. 'వీడేనా, బాగా చూడమ్మా' అన్నారు. చూశాను. మళ్ళీ చూశాను. వరసలో నిలబెట్టేసరికి నాకు తెలిసిన మొహం అదొక్కటే."

"ఈ మాట వకీలుతో చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"వదులు. వదులమ్మా, ఎవరైనా వస్తారు."

"వాడు కాదని చెప్పండి చాలు. ఇంకేం అడగను."

"నువ్వు తమ్ముణ్ణి తెచ్చుకుంటావు. మరి నాకో? కేసు మూసేశారు. మళ్ళీ తెరిచి వెతికేదెవరు? నీ తమ్ముడు కాదంటే మా ఆయన్ని ఎవరూ చంపనట్టే."

"అందుకని వాడక్కడే ఉండాలా?"

"నిద్ర పట్టాలి కదే నాకు! పొద్దున్నే ఈ తలుపు నేనే తీయాలి. వచ్చిన ప్రతి మగాడికీ కొలతలు నేనే తీయాలి. ఆ చంపినవాడు జైల్లో ఉన్నాడనుకుంటేనే నా చేతులు ఆడతాయి."

"మీకు నిజంగా అనుమానమే లేదా? ఒక్కసారైనా రాలేదా?"

"అనుమానమా? అనుమానమేం లేదు తల్లీ. తీర్పు రోజున బోను దిగి నా పక్కనుంచే నడిచిపోయాడు. నాకంటే పొట్టి. ఆ రోజే తెలిసింది, వాడు కాదని."