గాలిమర కాడ దొరికిన మా వదిన

"ఆంటీ, శనివారం మా ఫ్రెండ్స్ అందరం ఎడారిల ట్రెయిల్ నడ్వనీకి పోతున్నం. ఆడ పాత గాలిమర, రాళ్ళ గోడ ఉంటయట గదా. మీరు చూసిన్రా?"

చూసుడా! ఆ గోడ యాదికొస్తే ఇప్పటికీ నా పానం నిమ్మలమైతది బిడ్డా. కూసో, చెప్త.

అప్పుడు మా వదిన ఇండియా నుంచి ఈ అమెరికాకు వచ్చింది. వదినంటే మా ఆయన అక్క. మా అత్తమ్మకు ఐదుగురు పిల్లలల్ల ఈమెనే గట్టిది... కాదు కాదు, నలుగురే. ఒకాయన మా మామ తమ్ముని కొడుకు, ఆ ఇంట్లనే పెరిగిండు. ఏం చెప్తున్న? ఆ, వదిన. ఫీనిక్స్‌ల మా ఇంట్ల కూసోని కూసోని ఆమెకు విసుగొచ్చింది. "ఎటన్న తీస్కపోరాదురా" అని మా ఆయన పానం తీసింది. సరే అని ఒకనాడు పొద్దుగాలనే డ్రైవ్ చేస్కుంట పోయినం. మార్చి నెల, ఎండ ఇంకా ముదరలే. అయినా ఎడారి ఎడారే గదా.

ఆడ జెముడు చెట్లుంటయి చూడు, మనిషి చేతులెత్తి నిలవడ్డట్టు. వదిన ఒక్కొక్కదాని కాడ ఆగుడు, "దీనికి కాయ కాస్తదా?" అని అడుగుడు. మేం ఫొటోలు తీసుకుంట ముందటికి పోయినం. మళ్ళి చూస్తే మనిషి లేదు!

"అక్కా! ఓ అక్కా!" అని మా ఆయన కేకలు. గుట్టలకు తాకి ఆయన గొంతే వాపస్ వస్తుంది. ఫోన్ చేద్దమంటే సిగ్నల్ లేదు, ఉన్నా ఏం లాభం, ఆమె ఫోను నా బ్యాగులనే ఉండె. అసలే షుగర్ మనిషి. వచ్చిన తొవ్వనే వాపస్ మళ్ళినం.

తొవ్వల ఒక పెద్దాయన ఎదురొచ్చిండు. "చీర మీద స్వెటర్ ఏసుకున్నామెను చూసిన్రా" అంటే లేదన్నడు. కానీ, "ఈడ దారి తప్పెటోళ్ళు ఎక్కువ ఎండిన వాగులకే దిగుతరు, అది కూడ దారి లెక్కనే కొడ్తది. కిందికి పోతే పాత పశువుల దొడ్డి వస్తది, అటు చూడున్రి" అని చెప్పిండు. వాగుల వడి ఉరికినం. ఉరుకుడంటే ఏముంది, నా మోకాళ్ళ సంగతి నీకెరికే గదా. మా ఆయన ఏడ్సుకుంటనే నడుస్తుండు. నేను చూడనట్టే ఉన్న.

ఒక మలుపు తిరిగినం. గాలిమర! దాని కింద దొడ్డి రాళ్ళ గోడ, ఆ గోడ నీడకు మా వదిన! పక్కన తెల్ల జుట్టు అమెరికా ముసలామె. ఇద్దరు నారింజ పండు ఒల్సుకుని తింటున్నరు. ఆమె ఇంగ్లీషుల, ఈమె తెలుగుల, ఒకటే ముచ్చట!

"ఏమాయెరా, గట్ల రొప్పుతున్నవ్?" అని వదిన తమ్ముణ్ణే అడిగింది. మా ఆయన ఆమె కాళ్ళ కాడ ఇసుకల కూలవడ్డడు. నవ్వుతుండో ఏడుస్తుండో ఆయనకే తెల్వది.

ఆ ముసలామె ఆడనే పుట్టిందట. వాళ్ళ నాయిన, చిన్నాయన వాగుల రాళ్ళు మోసి ఆ దొడ్డి కట్టిన్రట. గాలిమర తిరిగితే బోరు నీళ్ళు తొట్టిల పడేవట పశువులకు. తర్వాత వానలు లేక అన్నీ అమ్ముకుని టౌనుకు పోయిన్రట. ఏటేటా ఎండలు రాకముందే వచ్చి ఆ గోడ కాడ కూసుంటదట. "మీ అక్కకు అంతా చెప్పిన, బాగ విన్నది" అన్నది నాతోని.

నాకు నవ్వొచ్చింది. మా వదినకు ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు. ఇంటికొచ్చేటప్పుడు కార్ల అడిగిన, "ఏం చెప్పింది వదినా ఆమె?" అని.

"ఆ గోడ వాళ్ళ నాయిన కట్టిండట. పశువులను అమ్మిన్నాడు ఆయన బువ్వ తినలేదట" అన్నది.

"నీకెట్ల తెలిసింది?"

"కొమ్ములు ఇట్ల పెట్టి చూపెట్టింది. బువ్వ ఇట్ల పక్కకు జరిపినట్టు చేసింది. ఇంకేం చెప్పాలె?"

గదీ సంగతి. ఇప్పటికీ వీడియో కాల్ చేస్తే మొదలు ఆ ముసలామె గురించే అడుగుతది, మా పిల్లల సంగతి ఆ తర్వాతనే...

పోయి రాండ్రి బిడ్డా, సల్లగ పోయి సల్లగ రాండ్రి. ఎవరన్న ఎనకవడితే ఆగున్రి. ఇంటికి చేరినంక నాకొక మెసేజ్ పెట్టు, ఏం? చూసుకుంటనే ఉంట...