ఆర్డిస్ వద్దన్న డబ్బు

ఎవరూ, ఆ ఫొటోలో ఎర్ర కోటు వేసుకున్నావిడా? ఆర్డిస్ టోలెఫ్సన్. నువ్వు పుట్టకముందే పోయిందిలేమ్మా. మా పక్కింటావిడ. మనిషి ఎంత చిన్నగా ఉందో చూశావా, గొంతు కూడా అంతే, పక్కన కూర్చుంటే గానీ వినపడేది కాదు. అలాంటి మనిషి ఆ రోజు... ఉండు, మొదట్నుంచీ చెప్తాను. ఆ కుర్చీ హీటరు దగ్గరికి లాక్కో. ఆఁ.

అప్పుడూ ఇంతే, మంటలార్పే ఈ ఫైర్ హాలుకి జీతగాళ్లెవరూ లేరు. ఎక్కడైనా అంటుకుంటే ఊళ్లోవాళ్లమే పరిగెత్తేవాళ్లం. ఆడవాళ్ల సంఘం విందులు పెట్టి, కేకులమ్మి మాకు సామాన్లు కొనిపెట్టేది. ఆ ఏడు కొత్త నీళ్ల గొట్టాలు కొనాలనుకున్నారు. పాతవి మంటల మీద కంటే మా బూట్లలోనే ఎక్కువ నీళ్లు పోసేవిలే! సంఘం పేర ఓ క్రెడిట్ కార్డు ఉండేది, అది ఆర్డిస్ దగ్గర. ప్రెసిడెంటేమో లవాన్ స్కోగ్‌స్టాడ్. లవాన్ అంటే... సర్లే, పోయినావిడ గురించి ఇప్పుడెందుకు. జనవరిలో బిల్లొచ్చింది. చూస్తే ఏముంది, ఎక్కడో దేశం ఆ చివర ఫ్లోరిడాలో హోటలు! పీతల విందు! సముద్రంలో మునిగేవాళ్లు వేసుకునే తొడుగులు! ఆర్డిస్ మన చెరువులో చీలమండ దాకా దిగాలన్నా దేవుణ్ని తలుచుకునే మనిషి.

ఊళ్లో ఎవరూ ఆవిడ మొహాన ఏమీ అన్లేదు. అదేగా అసలు బాధ. మనవాళ్లు అనరుగా. చర్చిలో ఆవిడ బెంచీ మీద మాత్రం పక్కన చోటు ఖాళీగా ఉండిపోయేది. లవాన్ అయితే, "పాపం ఆర్డిస్, తనకి ఫ్లోరిడాలో చెల్లెలున్నట్టుంది కదూ?" అనేది, పంచదార కలిపినట్టు. ముప్ఫయ్యేళ్లు ఆ సంఘానికి వంట చేసిన మనిషి దొంగైపోయింది.

బ్యాంకుకి ఫోన్ చేసింది. అక్కడో అమ్మాయి, ఎంత మర్యాదో. "మీరు ఖర్చుపెట్టినవి కాదు కదండీ, ఆ డబ్బంతా వెనక్కి వేసెయ్యమంటారా?" అంది. మన ఆర్డిస్ ఏమంది? "అయ్యో, వద్దమ్మా, మీకెందుకంత శ్రమ!" అంది. "శ్రమేం లేదండీ, వెయ్యనా?" "ఫర్లేదమ్మా, మా తిప్పలేవో మేం పడతాంలే." నవ్వకు! నువ్వైతే ఏమనేదానివి? కాఫీ ఇస్తామంటే మొదటిసారే పుచ్చుకున్నావా ఎప్పుడైనా? రెండుసార్లు వద్దనాలి, మూడోసారికి "సరే, అరకప్పు" అనాలి, ఇక్కడ ఉయ్యాల్లోనే నేర్పుతారది. ఆ బ్యాంకు పిల్లది ఏ ఊరో ఏమో, "సరేనండీ, మీ ఇష్టం" అని పెట్టేసింది. ఆర్డిస్ మూడోసారి అడుగుతుందేమోనని ఫోన్ పట్టుకుని అలాగే నిలబడి ఉందట.

మళ్లీ చేస్తే, మీరే వద్దన్నారు, కేసు మూసేశాం అన్నారు. ఆ మాట ఊరంతా పాకింది. "చెయ్యనిదైతే ఎవరైనా వద్దంటారా?" అంది లవాన్. ఆర్డిస్ ఎందుకు వద్దందో లవాన్‌కి తెలీదా? తనైనా అలాగే అనేది. అయినా అంది. అది ఆర్డిస్ చెవిన పడింది.

మర్నాడు పొద్దున్నే మా తలుపు కొట్టింది ఆర్డిస్. "హార్లన్, నన్ను ఫార్గోలో బ్యాంకుకి తీసుకెళ్లు" అంది. నీకు వీలైతేనే అన్లేదు, పనేమైనా ఉందా అన్లేదు. నాకు బూట్లు ఎక్కడ పెట్టానో కూడా గుర్తురాలేదు. దారంతా మంచు, ముందు రోడ్డు కనపడి చావదు. పక్కన ఈవిడ గుసగుసగా, "నాకు కావాలి. నాకు కావాలి." బళ్లో పిల్లలు పాఠం వల్లించినట్టు. "ఇంకాస్త గట్టిగా అను" అన్నాను. ఫార్గో దగ్గరపడేసరికి ఆవిడ అనే తీరుకి నాకే భయమేసింది.

బ్యాంకు మేనేజరు కుర్రాడు, ఎక్కడో దక్షిణ రాష్ట్రాల నుంచి వచ్చినవాడు. "కాఫీ తాగుతారా?" అన్నాడు. "తాగుతాను" అంది. మొదటిసారికే! నేను గుమ్మం పట్టుకున్నాను. "ఆ ఖర్చులు నావి కావు. అప్పుడు ఫోన్లో మర్యాదకి వద్దన్నాను. ఆ డబ్బు మొత్తం నాకు కావాలి" అంది. అతను కంప్యూటర్లో వెతికాడు. ఫ్లోరిడాలో పీతలు తిన్న పూటే అదే కార్డుతో మన ఊరి కొట్లో కాఫీపొడి కొన్నట్టు ఉంది. "కార్డు నంబరు ఎవరో కొట్టేశారండీ, డబ్బు వెనక్కి వేసేస్తాం. ఇంకేమైనా కావాలా?" అన్నాడు. అక్కడితో లేచి వచ్చెయ్యాలా, వద్దా? "కావాలి. లవాన్‌కి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి" అంది.

చేశాడు, స్పీకర్లో పెట్టి. అంతా విని లవాన్, "అయ్యో, ఆర్డిస్‌ని మేమెవరమూ అనుమానించలేదండీ!" అంది. ఆర్డిస్ ఆ ఫోన్ మీదికి వంగింది. "అనుమానించావు లవాన్. అనుమానించానని చెప్పు."

తగలబడుతున్న పశువుల కొట్టాల్లోకి దూరినవాణ్ని నేను. ఆ గదిలోంచి పారిపోవాలనిపించింది. మేనేజరు తన పెన్నుకేసి చూసుకుంటున్నాడు. ఆర్డిస్ మాత్రం కదల్లేదు. చాలాసేపటికి లవాన్ అంది, "అనుమానించాను ఆర్డిస్."

"సరే. గురువారం విందుకి బంగాళాదుంపలు నేను తెస్తాను" అని కోటు వేసుకుంది.

ఇన్నేళ్లూ ఈ ఊళ్లోనే ఉన్నాను. ఒకరినొకరు అలా అడగడం గానీ, అడిగితే ఒప్పుకోవడం గానీ మళ్లీ వినలేదు. ఆ చిన్న గొంతుతో, అమ్మాయ్, అరవను కూడా అరవలేదు, ఆ చిన్న గొంతుతో...

ఏం లేదు. ఉండు కాసేపు.