సుమన్ కంప్యూటరు వెల

జలంత్రకోట. ఏడాది కిందట మరణించిన సుమన్ గదిలో, అతని గేమింగ్ కంప్యూటరు ముందు, ఒకప్పుడు అతనికి భౌతికశాస్త్రం చెప్పిన తారకేశ్వరరావు మాస్టారు కాగితం, కలం పట్టుకుని కూర్చున్నారు. సుమన్ భార్య దమయంతి గుమ్మంలో నిలబడింది.

“పోయినోల వస్తువు కొంటే ఆ ఇంటికి కీడని మావోలంతా అంతారు మాస్టారూ. మొన్న సోంపేట నుంచి ఒకబ్బాయొచ్చినాడు. అంతా నచ్చింది. ఎయ్యి అడ్వాన్సు సేతిలో ఎట్టినాడు. గోడమీద ఫొటోకి దండ సూసి, ఎవలిదని అడిగి, అలగే ఆటో ఎక్కీసినాడు. అడ్వాన్సు కూడా ఎనక్కి అడగలేదు.”

“ఆ కీడు నమ్మకం వల్ల రుజువైన నష్టం ఆ అబ్బాయి వదులుకున్న వెయ్యి ఒక్కటే.”

“ఆయనా ఇలగే అనీవోరు. మీ మాటలే. అందుకే మిమ్మల్ని పిలిసినాను. న్యాయమైన ధర మీరే కట్టండి. ఆయన పోయినాడని మాత్రం దీని ధర తగ్గకూడదు.”

“ఎందుకు తగ్గాలమ్మా? వస్తువుకి చావు అంటుకోదు. మా మనవరాలు గౌతమి డిజైన్ కోర్సులో చేరింది, దానికి ఇలాంటిదే కావాలి. లెక్క కడతాను, నేనే తీసుకుంటాను. రాసుకో. గ్రాఫిక్స్ కార్డు పదిహేను వేలు. ప్రాసెసరూ బోర్డూ తొమ్మిది. మానిటరు ఆరు. ర్యామూ డిస్కూ నాలుగు. మిగతావన్నీ ఐదు.”

“ముప్పై తొమ్మిది.”

“ఉప్పుగాలికి లోపల స్క్రూలు తుప్పు పట్టాయి. ఫ్యాను మోగుతోంది. వెయ్యి తీసేస్తున్నాను.”

“తీసేయండి. తుప్పు తుప్పే కదా.”

“ముప్పై ఎనిమిది. అయితే… ముప్పై ఇస్తానమ్మా.”

“ముప్పై ఎనిమిదన్నారు కదా?”

“లెక్క ముప్పై ఎనిమిదే. లెక్కలో తప్పు లేదు. కానీ బజార్లో…”

“బజార్లో ఏటి?”

“పలాస తీసుకెళ్ళినా, టెక్కలి తీసుకెళ్ళినా ఆ ధరకి ఎవరూ కొనరు.”

“ఎందుకు కొనరు?”

“నీకు తెలిసిందే కదా.”

“నాకు తెల్దు. మీరే సెప్పండి.”

“అదే… జనం నమ్మకాలు.”

“దీన్ని కొంతన్నది జనం కాదు కదా మాస్టారూ. మీరు కదా.”

“నేనే. నాకేం పట్టింపు లేదు. మా ఆవిడ ఇందుమతి ఉంది చూడూ, ఆవిడకి కొంచెం… ఆడవాళ్ళ భయాలు. ఒప్పించాలి. దిష్టి తీయిస్తుంది, పంతుల్ని పిలుస్తుంది…”

“దిష్టికి ఎనిమిది వేలా?”

“అలా అనకు.”

“అయితే అమ్మగారికి ఫోన్ సేయండి. ఆవిడ భయమైతే ముప్పైకే ఇచ్చీస్తాను. ఆ మాట ఆవిడ నోటే ఇంతాను.”

“ఇప్పుడా? ఇక్కడ సిగ్నలు సరిగ్గా…”

“నిండా ఉంది మాస్టారూ. స్పీకర్ ఎట్టండి.”

“…హలో. ఇందూ.”

“ఏవండీ, కుదిరిందా? గౌతమి టేబులు తుడిచి కూర్చుంది.”

“ఇందూ, నీకొక మాట చెప్పలేదు. ఇది… మన సుమన్‌ది.”

“జలంత్రకోట వెళ్తున్నానంటే సుమన్‌ది కాక ఇంకెవలిదండీ? నాకు తెల్దేటి?”

“అంటే, నీకు ఇబ్బంది… పోయినవాడిది కదా, కీడూ అదీ అని…”

“నాకేటి కీడు? నలభై ఏళ్ళు మీ ఉపన్యాసాలు ఇన్నదాన్ని. ఎప్పుడో మానేసినాను అవన్నీ. మీరే గమనించలేదు.”

“మరి… సరే. ఉంటాను.”

“ఉండండుండండి. నాకు భయం ఒక్కటే ఉండీది. పాపం ఆ పిల్ల ఒక్కతీ ఉంది, పోయినోడి సొత్తని సాకు ఎట్టి ఎవలైనా సవగ్గా కొట్టీసుకుపోతారేమోనని. మీరు ఎల్లినారు కాబట్టి సరిపోయింది. ఇంతకీ ఎంతకి అడిగినారు?”

“ఇందూ… సిగ్నలు…”

“ఏవండీ? ఇనపడతందా? ఎంతకి అడిగినారు?”

“లెక్క ముప్పై ఎనిమిది వేలు వచ్చింది, ఇందూ. నేను ముప్పైకి అడిగాను.”