మూడు ప్రశ్నలు

ఆసుపత్రి గది. మంచం మీద పదహారేళ్ళ అమ్మాయి, మగతలో. పక్కన తండ్రి. ఎదురుగా డాక్టరమ్మ.

“ఒక్క సంతకం మేడం. ఫిట్ అని రాసిచ్చేస్తే మా దారిన మేం పోతాం.”

“ఫిట్సుతో తెచ్చి ఫిట్ అని రాయమంటారేంటి?”

“శనివారం సెలక్షన్లండీ. మూడు రోజులే ఉన్నాయి.”

“ముందు కూర్చోండి. మీరలా తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి.”

“కూర్చుంటే కాళ్ళు ఊరుకోవు. నిద్ర చాలక పడిపోయిందండీ, అంతే. పళ్ళు తోముకుంటూ తోముకుంటూ...”

“నాలుక కరుచుకుంది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. అదీ రెండోసారి.”

“రెండోసారని ఎవరన్నారు?”

“మీ ఆవిడ. ఫోన్లో.”

“దాని కడుపులో ఏదీ దాగదు.”

“తలకి ఎప్పుడైనా గట్టి దెబ్బ తగిలిందా?”

“గోల్‌కీపరండీ. దెబ్బలు తగలక పూలు తగులుతాయా?”

“తెలివి తప్పేంత దెబ్బ.”

“అబ్బే.”

“మరి తల వెనక ఈ మచ్చ?”

“అదా... పోయినేడుది. గోల్ స్తంభానికి కొట్టుకుంది. ఓ నిమిషం కళ్ళు మూసుకుంది, అంతే.”

“నిమిషమా!”

“అర నిమిషం అనుకోండి. గడియారం ఎవరు చూశారు?”

“వెంటనే ఆటలోంచి బయటికి తెచ్చేశారా?”

“ఎందుకండీ? టీము ఫిజియో వచ్చాడు, ఎప్పుడూ అడిగే మూడు ప్రశ్నలే అడిగాడు. ఇవాళ ఏ వారం, ఏ సగం ఆడుతున్నాం, స్కోరెంత. టకటకా చెప్పేసింది! జనం చప్పట్లు కొట్టారు. మళ్ళీ ఆడింది, గెలిపించింది.”

“మీరెక్కడున్నారప్పుడు?”

“అందరికన్నా ముందు నేనే పరిగెత్తాను, నీళ్ళ సీసా పట్టుకుని.”

“ఫిజియో కన్నా ముందా?”

“ఏం, తప్పా? తండ్రిని కదా! చూడండి మేడం, లేతు మిషన్లో నా బొటనవేలు నలిగితే గుడ్డ చుట్టుకుని షిఫ్టు పూర్తి చేశాను. ఎవడూ ఎలా ఉందని అడగలేదు. ఎనిమిదో క్లాసుతో ఆగిపోయినవాణ్ణి. నా కూతురు ఆడి ఉద్యోగం తెచ్చుకుంటుందంటే మీ కాగితం అడ్డం!”

“కాగితం కాదు, నాకు నిజం కావాలి. ఆ దెబ్బ నిజంగా చిన్నదే అయితే కారణం ఇంకెక్కడో వెతకాలి. వెన్నులో సూది గుచ్చి నీరు తియ్యాలి.”

“...గుచ్చండి. దెబ్బ చిన్నదే. మూడూ సరిగ్గా చెప్పిందన్నానా? తల చెదిరిన పిల్ల అలా చెబుతుందా?”

“ఉండండి, కదులుతోంది. అమ్మా, కళ్ళు తెరువు. ఇవాళ ఏ వారం?”

“ఆదివారం...”

“బుధవారం తల్లీ. ఎక్కడున్నావు?”

“రెండో సగం.”

“రెండో సగమేంటి?”

“మగతండీ, మగత! పడుకో అమ్మా, మాట్లాడకు. పడుకో.”

“మీరాగండి. చెప్పమ్మా.”

“మనవి రెండు, వాళ్ళది ఒకటి... నాన్నా, నువ్వు చెవిలో చెప్పినట్టే చెప్పానా? ఇంక ఆడనిస్తారా?”